కీళూరు ఓటుకీ మీ తాతగారి పౌరసత్వానికీ సంబంధం లేదు

యానాంలో పాత ఫ్రెంచ్ కాగితాలు చదివి తెలుగులో రాసిపెట్టడం నా పని. వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "1954లో అసెంబ్లీ ఓటేసింది కదండీ, అంతకుముందు పుట్టినవాళ్లంతా ఫ్రెంచివాళ్లే కదా?"

కాదు. తాతల జనన పత్రం చూపించి ఫ్రెంచ్ పౌరసత్వం ఇప్పిస్తామనే బ్రోకర్లు ఈ అపోహ మీదే బతుకుతున్నారు.

1946లో ఏర్పడిన ఫ్రెంచ్ ఇండియా ప్రతినిధుల సభలో 44 సీట్లు. పుదుచ్చేరికి 22, కారైకాల్‌కి 12, చందర్‌నగర్‌కి 5, మాహేకి 3, మన యానాంకి 2. ఆ సభ సభ్యులూ మున్సిపల్ కౌన్సిలర్లూ కలిసి 1954 అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఓటేశారు. భారత్‌లో విలీనానికి అనుకూలంగా 170, వ్యతిరేకంగా 8. నవంబర్ 1న పాలన చేతులు మారింది. మారింది పాలన మాత్రమే. చట్టప్రకారం భూభాగం అప్పటికి ఫ్రాన్స్‌దే. బదిలీ ఒప్పందం మీద 1956లో సంతకాలయ్యాయి, అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. పౌరసత్వానికి చూడాల్సిన తేదీ ఇదే.

ఇక్కడ పుట్టి, ఆ రోజుకి ఇక్కడే కాపురముంటున్నవాళ్లు భారత పౌరులయ్యారు. కాకినాడకో మద్రాసుకో వెళ్లి స్థిరపడ్డవాళ్లదీ అదే దారి. ఫ్రెంచ్ పౌరసత్వమే ఉంచుకోవాలనుకుంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి. ఇక్కడ పుట్టి భారత్ బయట ఉంటున్నవాళ్లకి మాత్రం ఫ్రెంచ్ పౌరసత్వం అలాగే నిలిచింది.

ఆ మధ్య ఒక కుర్రాడు తాతగారి జనన పత్రం పట్టుకొచ్చాడు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి బ్రోకర్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. "1962లో తాతగారు ఎక్కడున్నారు బాబూ?" అన్నాను. "ఇంకెక్కడుంటారండీ, ఇక్కడే కొబ్బరి దింపులు తీసేవారు." డిక్లరేషన్ ఇచ్చినట్టు ఒక్క కాగితం లేదు. ఆ పిల్లాడి ముఖం చూసి నాకే టెన్షన్ వచ్చింది. గొలుసు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదట. పత్రం అసలైనదే, అందులో అబద్ధం ఏమీ లేదు. పుట్టుక ఒక్కటే చాలదని బ్రోకర్ చెప్పలేదు, అంతే.

మిగతా అపోహలు గబగబా. కీళూరులో జనమంతా ఓటేశారంటారు. లేదు, ఎన్నికైనవాళ్లే వేశారు. జనం నేరుగా ఓటేసింది 1949లో, చందర్‌నగర్‌లో. యానాం కీళూరు ఓటుతోనే కలిసిందంటారు. అప్పటికే 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఇక్కడ ఫ్రెంచ్ పాలన పోయింది. ఇప్పటి పుదుచ్చేరి శాసనసభ ఆ 1946 సభే అని వాదించేవాళ్లతో నేను వాదించను. ఇది 1963లో వచ్చింది.

తాతగారి పత్రం తెచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్లని రెండు అడగండి: 1962 ఆగస్టులో ఆయన ఎక్కడ కాపురమున్నారు, 1963 ఫిబ్రవరిలోపు డిక్లరేషన్ ఏమైనా ఇచ్చారా. ఇక్కడే ఉండి డిక్లరేషన్ ఇవ్వలేదంటే బ్రోకర్‌కి రూపాయి కూడా ఇవ్వకండి.