తిరుపతిలో బాడుగ ఇల్లు: అపోహలు, అసలు సంగతులు

కొర్లగుంట, జీవకోన, ఎం.ఆర్.పల్లి వైపు బాడుగ ఇళ్లు చూపించడం నా పని. హోటల్ పనివాళ్లు, ఆటో తోలేవాళ్లు, ఇళ్లలో అంట్లు తోమేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

అపోహ: తిరుపతిలో ఇళ్లకేం కొదవ? వీధివీధికీ టులెట్ బోర్డే.

వాస్తవం: బోర్డు కింద చిన్న అక్షరాలు చూడండి, ‘రోజు బాడుగకు’ అని ఉంటుంది. కొండకొచ్చే యాత్రికులు రాత్రికిచ్చే డబ్బు ముందు సంసారం నెలకిచ్చేది ఓనరుకు ఆనదు. ఉత్తరాన శేషాచలం అడ్డం, ఊరు అటు పెరగదు. చవక గదంటే రేణిగుంట దారో, చంద్రగిరి దారో పట్టాలి. తెల్లారి నాలుక్కే హోటల్లో పొయ్యి ముట్టించాల్సిన మనిషి అంతదూరం నుంచి ఎట్లా వస్తాడు?

అపోహ: నెల బాడుగ కట్టగలిగితే ఇల్లు దొరికినట్టే.

వాస్తవం: "బాడుగకు భయం లేదన్నా, అడ్వాన్సు యాడ తెచ్చేది?" నేను రోజూ వినే మాట ఇదే. రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు వద్దని 2021లో కేంద్రం నమూనా చట్టం తెచ్చింది. ఓనరు దగ్గర ఆ మాటెత్తితే ఉన్న ఇల్లూ పోతుంది. (నా కమిషనూ వాళ్లకు భారమే, దాచేదేముంది.)

ఆ తర్వాత కరెంటు. మెట్ల కింద సబ్‌మీటరు, యూనిట్‌కు పది రూపాయలు. మొన్న ఒక అక్క చీటీ చూపించింది: 60 యూనిట్లు, 600. అదే సొంత మీటరైతే 2022 శ్లాబుల్లో (వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్లు) మొదటి 30కి 1.90, తర్వాతి 30కి 3 రూపాయల చొప్పున 147, పైన ఇతర చార్జీలు. ఓనరునూ పూర్తిగా తప్పుపట్టలేం. నాలుగు పోర్షన్లూ ఒకే మీటరు మీదుంటే ఆయన శ్లాబు ఎగబాకుతుంది.

అపోహ: ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లొచ్చాయి కదా, ఇంకేం బాధ?

వాస్తవం: 300, 365, 430 చదరపు అడుగుల ఆ ఫ్లాట్లు సొంతానికిచ్చేవి. రెండేళ్లు పని చేసుకుందామని కుప్పం నుంచి వచ్చినోడికి కావాల్సింది గది, పట్టా కాదు.

అపోహ: పదకొండు నెలలైతే ఖాళీ చేయాల్సిందే.

వాస్తవం: ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయాలని 1908 కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది. ఆ ఖర్చు తప్పించుకోను పుట్టిందే పదకొండు నెలల లెక్క. మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ తర్వాత ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే. ఇద్దరికీ ఇష్టమైతే మళ్లీ రాసుకోవచ్చు. అసలు కాగితమే లేనివాళ్లకైనా 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. బాడుగకున్నట్టు రుజువు కావాలి కదా, అందుకే మా వాళ్లకు చెప్తా, బాడుగ చేతికివ్వొద్దు, ఫోన్‌పేలో ‘ఇంటి బాడుగ’ అని రాసి పంపమని.