ఆగని కబురు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. అది సరిగా ఊరుతున్నంతకాలం దాని ఊసే మనకు పట్టదు. అది తగ్గిపోయినవారికి నాలుక అంగిలికి అంటుకుపోతుంది, నాలుగు మాటలు మాట్లాడేసరికి గొంతు పట్టేస్తుంది, పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. ఎన్ని నీళ్లు తాగినా ఆ ఉపశమనం కాసేపే, ఎందుకంటే లోపం లాలాజలాన్ని ఊరించే గ్రంథులలో ఉంది. ఈ బాధ పడేవారిలో కొందరికి ఉన్నది, మన రోగనిరోధక వ్యవస్థే మన గ్రంథుల మీద దాడి చేసి నోటినీ కళ్లనూ పొడిబార్చే షోగ్రెన్ వ్యాధి. 1933లో 19 మంది స్త్రీలలో కళ్లు పొడిబారడాన్ని వివరంగా పరిశీలించి రాసిన స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ పేరే దానికి స్థిరపడింది. నేటికీ ఇది వచ్చేవారిలో అత్యధికులు స్త్రీలే.

ఇందులో మీరు నిదానంగా అర్థం చేసుకోవలసినది కణాల మధ్య నడిచే కబుర్ల సంగతి. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసి పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. ముప్పు తొలగగానే ఆ హెచ్చరిక సద్దుమణగాలి. ఈ వ్యాధి ఉన్న చాలామందిలో అది సద్దుమణగదు. ఇంటర్‌ఫెరాన్ ప్రభావంతో 'బాఫ్' అనే మరో ప్రొటీన్ పెరిగి, బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలను ఎక్కువకాలం బతికిస్తుంది. ఆ బి కణాల నుంచి, మన సొంత కణాలలోనే ఉండే 'రో' వంటి ప్రొటీన్లకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయి. అవి ఆర్‌ఎన్‌ఏతో కూడిన ఆ ప్రొటీన్లను పట్టుకుని గుంపు కట్టినప్పుడు, ఆ గుంపులే మళ్లీ ఇంటర్‌ఫెరాన్ విడుదలను రేపుతాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. గ్రంథి ఈ దాడికి ఊరికే గురి కావడం లేదు, దాని నాళాల గోడల్లోని కణాలు కూడా సంకేతాలు పంపి తెల్ల రక్తకణాలను లోపలికి పిలుస్తున్నాయి.

కింది పెదవి లోపలి నుంచి తీసిన చిన్న గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూస్తే, గులాబీ రంగు కణజాలం నడుమ సన్నని నాళం చుట్టూ ముదురు ఊదా చుక్కలు ముసురుకుని కనిపిస్తాయి. అవి లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. 50 లేదా అంతకు మించి ఒకచోట చేరితే దానిని ఒక గుంపుగా లెక్కిస్తారు. 4 చదరపు మిల్లీమీటర్లకు అలాంటి గుంపు కనీసం ఒకటైనా ఉంటే అది వ్యాధికి బలమైన ఆధారం.

అదే సూక్ష్మదర్శినిలో, లాలాజలాన్ని తయారుచేసే కణాలు ఇంకా చాలావరకు మిగిలి ఉండడం కూడా తరచుగా కనిపిస్తుంది. అంటే, నోరు ఎండిపోవడానికి కణాలు చనిపోవడం ఒక్కటే కారణం కాదు. వాపు పుట్టించే సంకేతాల మధ్య, బతికున్న కణాలు కూడా నరాల ఆజ్ఞకు సరిగా స్పందించలేకపోతున్నాయి. పైలోకార్పిన్ అనే మందు ఆ కణాల మీద నరాల కబురు అందుకునే గ్రాహకాలనే తట్టి, మిగిలిన శక్తి మేరకు వాటి చేత లాలాజలాన్ని ఊరింపజేస్తుంది.

మీ తాతయ్య