ఊడిపోయే పన్నుకు క్యాపెందుకు?

ధర్మవరం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె కూతురికి ఏడేళ్లు. పళ్ళ డాక్టరు చూసి, కింది దవడలో ఒక పాలపన్నుకు స్టీలు క్యాపు వెయ్యాలన్నారు. ఇంకోదానికి నరం తీసి మందు పెట్టాలన్నారు. వెనక కొత్తగా వచ్చిన పెద్ద (శాశ్వత) పన్ను గాడుల్లో సీలెంట్ పోసి, మిగతా వాటికి ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తామన్నారు. "ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదండీ, వీటికి ఇంత ఖర్చు పెట్టాలా? పీకించేస్తే పోదా?" అని ఆమె సందేహం. అత్తగారిదీ అదే మాటట.

ఊడిపోయే సంగతి ముందు తేల్చేద్దాం. ముందు పళ్ళు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. నమిలే పాలపళ్ళు మాత్రం దాదాపు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అంటే ఆ పాపకు ఆ పన్నుతో ఇంకా నాలుగైదేళ్లు పని ఉంది. ఇప్పుడే పీకేస్తే వెనకున్న పెద్ద పన్ను ఖాళీలోకి ఒరిగిపోతుంది, కింద నుంచి రావాల్సిన దానికి చోటుండదు. పీకక తప్పకపోతే ఆ చోటు కాపాడటానికి పక్క పన్నుకు తీగ కట్టిన చిన్న రింగు తొడుగుతారు. స్పేస్ మెయింటెయినర్ అంటే అదే. అదీ ఖర్చే.

నాకు అసలు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. డాక్టరు చెప్పిన నాలుగు పనులూ ఆమ్లం పంటిని కరిగించే ఒకే రసాయన చర్య మీద నాలుగు దశల్లో చేసే పనులు. ఆ చర్య అర్థమైతే ఏ చికిత్స ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక పని చేశాడు. పంటి మీది పాచికి సన్నటి ఎలక్ట్రోడు తాకించి, మనిషిని గ్లూకోజు నీళ్ళు పుక్కిలించమని, అక్కడి పీహెచ్ (ఆమ్లం కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) ఎలా మారుతుందో నిమిషాల వారీగా రాసుకున్నాడు. 7 దరిదాపుల్లో ఉన్నది కొద్ది నిమిషాల్లోనే 5 దాకా, కొందరిలో ఇంకా కిందికి పడిపోయింది. మళ్ళీ మెల్లగా పైకి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. నిట్టనిలువుగా పడి, ఏటవాలుగా లేచే ఈ గీతకు స్టీఫన్ వక్రరేఖ అని పేరు.

ఈ గీత అనంతపురం జిల్లాలో బోరున్న రైతుకు బాగా తెలిసిందే. మోటారు వెయ్యగానే బోరులో మట్టం గబగబా దిగిపోతుంది. ఆపితే ఊట ఊరి మెల్లగా పైకొస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసుకునే రైతు బోరుకు మధ్యలో కోలుకునే వ్యవధి ఉంటుంది. కరెంటు వచ్చినప్పుడల్లా పావుగంటకోసారి స్విచ్చి నొక్కేవాడి బోరులో మట్టం కోలుకునే సమయమే దొరకదు. రెండో రైతు ఒక్కోసారి తోడేది మొదటివాడి కంటే తక్కువే కావచ్చు. అయినా రోజంతా మట్టం కిందే ఉండేది రెండోవాడి బోరులోనే.

నోట్లో మోటారు పాచిలోని బాక్టీరియా. దానికి కరెంటు చక్కెర; అది అందగానే బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, పీహెచ్ మట్టం దిగుతుంది. ఊట మన లాలాజలం. తిన్న ప్రతిసారీ స్విచ్చి పడ్డట్టే. కాబట్టి పండక్కి ఒకేసారి నాలుగు బొబ్బట్లు లాగించిన పిల్లోడి కంటే, ఒక్క చాక్లెట్‌ను ముక్కలు చేసి స్కూలు బ్యాగులో పెట్టుకుని పీరియడుకో ముక్క చప్పరించే పిల్లోడి పళ్ళే ముందు పుచ్చుతాయి. ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే ఎక్కువ లెక్క. స్కూల్లో ఇచ్చే వేరుశనగ చిక్కీని అన్నం తిన్న వెంటనే తినేస్తే ఒకే స్విచ్చి. జేబులో పెట్టుకుని గంట తర్వాత తింటే రెండోది. బెల్లం మంచిదే కదా అంటారా? ఒంటి సంగతి ఏమో కానీ, బెల్లంలో ఉన్నదీ ఎక్కువగా సుక్రోజే. బాక్టీరియాకు రంగుతో పనిలేదు.

రాత్రిపూట నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. ఎండాకాలంలో ఊట లేని బోరుకు మోటారు వేసినట్టే, పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందు పళ్ళు వరసగా పాడవుతాయి. పడుకునే ముందు బ్రష్ చెయ్యమని డాక్టర్లు విసుగు లేకుండా చెప్పేది ఇందుకే. పొద్దున మానినా ఫర్వాలేదు అనను కానీ, ఒక్కపూటే తోముతాం అనేవాళ్ళకు నా ఓటు రాత్రికే.

పీహెచ్ మట్టం 5.5 కిందికి దిగితే పన్నుకు ఏమవుతుంది? ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ తప్పదు. పంటి గట్టి పైపొర ఎనామెల్. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్: పది కాల్షియం, ఆరు ఫాస్ఫేట్, రెండు హైడ్రాక్సిల్. మామూలుగా లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లు నిండుగా ఉంటాయి కాబట్టి ఖనిజం కరగదు. ఆమ్లం చేరగానే హైడ్రోజన్ అయాన్లు రెండు దొంగతనాలు చేస్తాయి. హైడ్రాక్సిల్‌తో కలిసి దాన్ని నీరుగా మారుస్తాయి, ఫాస్ఫేట్‌ను పట్టుకుని దాని రూపం మార్చేస్తాయి. ద్రవంలో ఆ రెండూ తగ్గేసరికి, ఆ లోటు పూడ్చడానికి స్ఫటికం కరగడం మొదలుపెడుతుంది. పీహెచ్ మళ్ళీ 5.5 దాటితే కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి స్ఫటికంలో చేరతాయి. అంటే మన పళ్ళు రోజూ కొంత పోగొట్టుకుంటూ, కొంత రాబట్టుకుంటూ ఉంటాయి. పుచ్చు అంటే ఈ జమాఖర్చులో నెలల తరబడి పేరుకున్న లోటు.

ఆ లోటు మొదట గుంటలా కనిపించదు. చిగురు అంచున సుద్దలాంటి తెల్లమచ్చగా ఉంటుంది. డాక్టరు పన్ను మీద గాలి ఎందుకు ఊదుతారో గమనించారా? తడిగా ఉన్నప్పుడు కనిపించని మచ్చ, ఐదు సెకన్లు గాలి ఊది ఆరబెడితే బయటపడుతుంది. ఎనామెల్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.62, నీటిది 1.33, గాలిది 1. ఖనిజం పోయి ఏర్పడ్డ సన్నటి రంధ్రాల్లో నీళ్ళుంటే కాంతి పెద్దగా చెదరదు. నీళ్ళు పోయి గాలి చేరితే తేడా పెరిగి కాంతి చెదిరి తెల్లగా కనిపిస్తుంది. తడిగా ఉన్నా కనిపించే మచ్చ అయితే నష్టం ఇంకాస్త లోతుకు పోయినట్టు. రూపాయి ఖర్చు లేని పరీక్ష. నాకైతే మొత్తం దంతవైద్యంలో ఇంత అందమైనది ఇంకోటి లేదనిపిస్తుంది.

ఈ దశలో మచ్చ వెనక్కి తిరిగే అవకాశం ఉంది. వార్నిష్ పని ఇక్కడే. అందులో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. లాలాజలం తగలగానే బంకలా అతుక్కుని, పంటి మీద కాల్షియం ఫ్లోరైడ్ రేణువుల్ని మిగులుస్తుంది. ఆమ్లం వచ్చినప్పుడల్లా అవి ఫ్లోరైడ్‌ను వదులుతాయి. ఫ్లోరైడ్ అయాను హైడ్రాక్సిల్ ఖాళీలో సరిగ్గా ఇమిడిపోతుంది. అలా తయారైన ఫ్లోర్ అపటైట్ కరగాలంటే పీహెచ్ 4.5 దాకా పడాలి. మోటారు అదే, కరెంటు అదే, బోరు మాత్రం ఇంకొన్ని అడుగులు లోతు చేసినట్టు.

ఫ్లోరైడ్ పేరెత్తితే మన అనంతపురం వైపువాళ్ళకు భయం. భయానికి కారణమూ ఉంది. ఇక్కడి గ్రానైటు రాళ్ళలోంచి భూగర్భ జలాల్లోకి ఫ్లోరైడ్ దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. మన చాలా ఊళ్ళ బోర్లలో అది దాటింది. 1990లలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చేదాకా ఎన్నో పల్లెలకు ఆ నీళ్ళే గతి. గోధుమరంగు గార పట్టిన పళ్ళు, వంగిన నడుములు చూసినవాళ్ళు ట్యూబు మీద ఫ్లోరైడ్ అని చదివి ఉలిక్కిపడరా మరి! చిత్రం ఏమిటంటే గ్రానైటులో ఫ్లోరైడ్ దాక్కునే ఖనిజాల్లో ఒకటి అపటైట్. మన పంటిలో ఉన్న ఖనిజ కుటుంబమే.

తేడా ఏ దారిన వచ్చిందన్నదే. పళ్ళు దవడ ఎముకలో తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, కడుపులోకి వెళ్ళి రక్తం ద్వారా చేరిన ఎక్కువ ఫ్లోరైడ్ ఎనామెల్ తయారీనే చెడగొడుతుంది. బయటికి వచ్చేసిన పంటి పైన పూసింది పైపొరలో పనిచేస్తుంది. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఇలాంటి గార పళ్ళే చూశాడు. ఆ పళ్ళు పుచ్చడం తక్కువని కూడా గమనించాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడని 1931లో గానీ తేలలేదు. కాబట్టి పేస్టు మానెయ్యక్కర్లేదు, మింగకుండా చూస్తే చాలు. మూడేళ్ల లోపువాళ్ళకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత. టీవీ ప్రకటనలో బ్రష్ పొడవునా పాములా పరిచే పేస్టు అమ్మకాల కోసం. మీ ఊరి నీళ్ళ సంగతి వార్నిష్ పూసే డాక్టరుకు చెప్పండి.

సీలెంట్ గురించి. ఆరేళ్లకు వచ్చే పెద్ద దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. అది కూడా పాలపన్నేననుకుని చాలామంది పట్టించుకోరు. మన సైన్సు పాఠంలో 2-1-2-3 అని దంత సూత్రం బట్టీ పట్టిస్తారు కానీ, ఈ పన్ను జీవితాంతం ఉండాల్సిందని అమ్మానాన్నలకు చెప్పేవాళ్ళు లేరు. దాని గాడుల అడుగుకు బ్రష్ పోగు కూడా దూరదు. ఆ గాడుల్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొన్ని సెకన్లు గరుకు చేసి, ద్రవ ప్లాస్టిక్ నింపి, నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఇనుముకు రంగు పట్టడానికి పరిశ్రమల్లో వాడే ఆమ్లాన్ని పంటి మీద ప్రయోగించవచ్చని 1955లో మైఖేల్ బ్యూనకోర్ చూపించాడు. పళ్ళను పాడుచేసే ఆమ్లాన్నే పళ్ళ రక్షణకు వాడటం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇక స్టీలు క్యాపు. పాలపంటి ఎనామెల్ మందం సుమారు ఒక మిల్లీమీటరు, పెద్ద పంటి దాంట్లో దాదాపు సగం. అందుకే రెండు పళ్ళ సందులో పుట్టిన పుచ్చు త్వరగా లోపలికి పోతుంది. పాతకాలం పద్ధతి అంతా తవ్వి ఫిల్లింగ్ పెట్టడం. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే డాక్టరమ్మ తవ్వకుండా, మత్తు సూది లేకుండా, పుచ్చు ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలి సిమెంటు నింపిన స్టీలు క్యాపు నొక్కి పెట్టేసేవారు. 2006లో ఆమె రికార్డుల విశ్లేషణ అచ్చయినప్పుడు పుచ్చును లోపలే మూసెయ్యడమేంటని చాలామంది నొసలు చిట్లించారు. తర్వాత ఐదేళ్లు పిల్లల్ని గమనించి చూస్తే, మామూలు ఫిల్లింగుల కంటే ఆ క్యాపులే బాగా నిలిచాయి. కారణం మళ్ళీ బోరు దగ్గరే ఉంది. మోటారును పెకలించక్కర్లేదు, కరెంటు తీగ కత్తిరిస్తే చాలు. చక్కెర అందని బాక్టీరియా ఆమ్లం తయారుచెయ్యలేదు. క్యాపు కాస్త ఎత్తుగా ఉందని పాప రెండు రోజులు గొణుగుతుంది. కొన్ని వారాల్లో కొరుకుడు సర్దుకుంటుంది.

పుచ్చు నరం దాకా పోతే ఈ కిటుకు పనిచెయ్యదు. రాత్రిళ్ళు నొప్పితో లేచి ఏడ్చినా, చిగురు మీద చీము పొక్కు లేచినా ఆ దశ దాటినట్టే. చెడింది పైభాగం నరమే అయితే అంతవరకే తీసి, పంటి వేళ్ళలోది బతికించి, మందు పెట్టి పైన క్యాపు వేస్తారు. వేళ్ళ దాకా చెడితే అదీ శుభ్రం చేస్తారు. పెద్దవాళ్ళ రూట్ కెనాల్‌లో నింపే గట్టి పదార్థం ఇక్కడ వాడరు. కింద నుంచి కొత్త పన్ను తోసుకొస్తుంటే పాలపంటి వేళ్ళు తమంతట తామే కరగాలి. వాటితో పాటు కరిగిపోయే పేస్టే నింపుతారు.

పంటిలో పురుగుందని వాకుడు గింజల పొగ పట్టించేవాళ్ళు ఇంకా ఉన్నారు. పంటిలో పురుగు లేదు. పొగకు నోరు కాలడం మాత్రం ఉంది. పై పన్ను పీకితే చూపు పోతుందన్న మాటా అంతే. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

ప్రైవేటుగా చూపించుకోలేనివాళ్ళకు దారి ఉంది. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద స్కూళ్ళకు వచ్చే బృందాలు పళ్ళూ చూస్తాయి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. వేచి ఉండాల్సి వస్తుందనేది నిజం.

క్యాపు వేసిన పన్ను ఊడకుండా ఉండిపోదా అని ఆ తల్లి చివర్లో ఇంకోటి అడిగారు. ఉండిపోదు. వేళ్ళు కరిగిపోతాయి కాబట్టి క్యాపుతో సహా ఊడి వస్తుంది. పక్క నుంచి కొత్త పన్ను తొంగిచూస్తున్నా పాలపన్ను కదలకపోతే, లేదా ఒకవైపు ఊడి ఆరు నెలలైనా రెండోవైపుది గట్టిగా ఉంటే, అప్పుడు ఎక్స్‌రే తీయించి పీకించాలా అని డాక్టరును అడగండి.