అటక మీది కేసెట్ల సంగతి

నాష్‌విల్, టెనెసీ

చిన్నీకి, బాబ్జీకి,
చిన్న తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్లో మీరు చూపించిన మూడు కేసెట్లూ నావే. తెనాలి ఇంట్లో అటక మీద, ఇత్తడి గంగాళంలో, పాత పంచాంగాల కింద దొరికాయన్నారు చూడండి, నాకు నవ్వాగలేదు. వాటిని అక్కడ దాచిందెవరో నాకు తెలుసు. అది చివర్లో చెబుతాను.

"ఈవిడెవరు తాతయ్యా, ఇంత దిగులుగా పాడుతోంది?" అని చిన్నీ అడిగింది. "కంట్రీ పాటలంటే ట్రక్కులూ, బీరూ కదా" అన్నాడు బాబ్జీ. నేను నోరు తెరిచేలోపే ట్యూషన్‌కి టైమైందని మీ అమ్మ ఫోన్ లాగేసుకుంది. అందుకే ఈ ఉత్తరం.

కంట్రీ అంటే ఇక్కడి పల్లె సంగీతం. బాబ్జీ అన్నదాన్ని నేను పూర్తిగా కాదనను. ఇప్పుడు ఇక్కడి రేడియోలో వినపడేవాటిలో ట్రక్కులకేం కొదవ లేదు. నేను చెప్పేవాళ్ళు అంతకు ముందువాళ్ళు.

నేను 1973 ఆగస్టులో చదువుకోవడానికి ఈ ఊరొచ్చాను. ఒక ముసలి దంపతుల ఇంట్లో వెనక గది అద్దెకు దొరికింది. ఆయన లూయీవిల్-నాష్‌విల్ రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. నేనేమో తెనాలి జంక్షన్ వెనక వీధిలో పుట్టి, రాత్రిపూట రైలు కూత వినపడకపోతే నిద్రపట్టని వాణ్ణి. మొదటి నెల మా ఇద్దరికీ ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థమయ్యేది కాదు. ఒక సాయంత్రం ఆయన నన్ను కూర్చోబెట్టి ఒక పాత రికార్డు పెట్టాడు. మాటల్లేవు, ఉత్త మౌతార్గాన్. ముందు నెమ్మదిగా ఛుక్, ఛుక్. తర్వాత వేగం. తర్వాత దూరంగా కూత, ఆ కూత దగ్గరికొచ్చి, మన పక్కనుంచి దాటిపోయి, సన్నగిల్లిపోవడం. నేను కళ్ళు మూసుకుంటే తెనాలిలో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదున్నాను. నా మొహం చూసి ముసలాయన తొడ చరుచుకుని నవ్వాడు. మా స్నేహం అక్కడ మొదలైంది.

అది వాయించింది డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు. చిన్నప్పుడు పోలియో వచ్చి పొట్టిగా, గూనిగా ఉండిపోయాడు. ఆ రైలు పేరు పాన్ అమెరికన్, మా ముసలాయన కంపెనీదే. 1930లలో ఇక్కడి రేడియో స్టేషన్ డబ్ల్యూఎస్ఎమ్ వాళ్ళు తమ టవర్ పక్కనుంచి ఆ రైలు పోతున్నప్పుడు మైకు పెట్టి, దాని కూతని సాయంత్రం పూట రేడియోలో వినిపించేవారట. మనకి రేడియోలో సిగ్నేచర్ ట్యూన్ ఉన్నట్టు వీళ్ళకి రైలు కూత!

ఆ స్టేషన్ ఒక ఇన్సూరెన్సు కంపెనీది. 1925 నవంబరులో శనివారం రాత్రిళ్ళు పల్లె సంగీతం ప్రసారం చేయడం మొదలుపెట్టారు. 1927 డిసెంబరులో ఒక శనివారం, వీళ్ళ కార్యక్రమానికి ముందు న్యూయార్క్ నుంచి పెద్దవాళ్ళ శాస్త్రీయ సంగీతం వచ్చింది. అది అవగానే అనౌన్సర్ జార్జ్ హే ముందు డిఫోర్డ్ బెయిలీ రైలుపాట వేయించి, ఇంతసేపూ గ్రాండ్ ఒపేరా విన్నారు, ఇక మా 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' వినండి అని ఎకసెక్కెంగా అన్నాడు. ఒపేరా, అంటే పాశ్చాత్యుల సంగీత నాటకం, ఆ మాట పల్లె నోట్లో పడితే ఆప్రీ అయింది. ఆ వేళాకోళం పేరే స్థిరపడిపోయి ఇప్పటికీ నడుస్తోంది.

ఆ పేరు పెట్టిన రాత్రి వాయించినవాణ్ణి మాత్రం 1941లో తీసేశారు. పాటల హక్కుల గొడవొచ్చి పాత పాటలు కొన్ని రేడియోలో వేయడానికి లేకుండా పోయింది. ఇతను కొత్తవి నేర్చుకోవడం లేదు, బద్ధకం అన్నారు. అతను బూట్లు పాలిష్ చేసే కొట్టు పెట్టుకుని బతికాడు. నేనొచ్చేనాటికి ఈ ఊళ్ళోనే ఉన్నాడు. 1974లో పాతవాళ్ళ సభ ఒకటి పెట్టి పిలిస్తే వచ్చి వాయించాడు. 1982లో పోయాడు. 2005లో గాని కంట్రీ సంగీతంలో మేటివాళ్ళ పేర్లుండే 'హాల్ ఆఫ్ ఫేమ్'లో పేరెక్కించలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు మా ముసలాయన కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఇక మొదటి కేసెట్. సన్నగా, టోపీ పెట్టుకున్నతను. హ్యాంక్ విలియమ్స్, అలబామావాడు. కుర్రతనంలో ఇతనికి గిటారు నేర్పింది వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్ అనే నల్లజాతి మనిషి. అందరూ 'టీ టాట్' అనేవారు. ఫీజు కింద హ్యాంక్ వాళ్ళమ్మ అతనికి భోజనం పెట్టేదట. మన ఊళ్ళల్లో మేళం మేస్టార్లకి జరిగినట్టే. గురువు 1939లో పేదరికంలోనే పోయాడు. శిష్యుడు 1949 జూన్‌లో ఆప్రీ వేదికెక్కితే జనం కిందికి దిగనివ్వకుండా ఆరుసార్లు మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. మూడేళ్ళకి, తాగుడెక్కువై కార్యక్రమాలు ఎగ్గొడుతున్నాడని అదే ఆప్రీ వాళ్ళు గెంటేశారు. 1953 జనవరి ఒకటో తారీఖున ఒహాయోలో కచేరీ ఉంది. వాతావరణం బాగోక విమానం కుదర్లేదు. కాలేజీ కుర్రాడొకడు కారు నడుపుతుంటే వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వెస్ట్ వర్జీనియాలో కారాపి చూస్తే ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు.

'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై' అనే పాట వినండి. నిఘంటువు అక్కర్లేదు. ఒక పిట్ట, ఒక అర్ధరాత్రి రైలు, రాలిపోయే నక్షత్రం, అంతే. నాకొచ్చిన ఇంగ్లీషుతో పూర్తిగా అర్థమైన మొట్టమొదటి పాట అదే.

సెప్టెంబరులో ముసలాయన నన్ను రైమన్ హాలుకి తీసుకెళ్ళాడు. ఆప్రీ అప్పుడు అక్కడే జరిగేది. 1892లో ఒక పడవల కెప్టెన్, క్రైస్తవ బోధకుడి ప్రసంగం విని మనసు మారి కట్టించిన ప్రార్థనా మందిరం అది. రంగు అద్దాల కిటికీలు, చర్చిలో ఉండే చెక్కబల్లలు. ఏసీ లేదు. జనం అట్టముక్క విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. నేను గంభీరంగా ఉంటుందనుకుని టై కట్టుకెళ్ళాను. తీరా చూస్తే స్టేజీ మీద మన పెళ్ళి పందిట్లో ఉన్నంత సందడి. ఒకరు పాడుతుంటే వెనక నలుగురు కబుర్లాడుతున్నారు. వాళ్ళ చుట్టాలు బల్లల మీద కూర్చుని చూస్తున్నారు. పాట అవగానే అనౌన్సర్ వచ్చి గోధుమపిండి ప్రకటన చదువుతాడు. అంతా లైవ్. రాయ్ ఏకఫ్ అనే పెద్దాయన పాట మధ్యలో ఫిడేలు కమాను ముక్కు మీద నిలబెట్టాడు. మిన్నీ పెర్ల్ అనే ఆవిడ టోపీకి 1.98 డాలర్ల ధర చీటీ వేలాడుతూనే ఉంది. బురదలో కాలేసిన పల్లెటూరి పిల్లలా మాట్లాడి పొట్ట చెక్కలు చేసింది. నిజానికి కాలేజీ చదువు చదువుకున్న మనిషట.

ఆ రాత్రే స్ట్రింగ్‌బీన్‌ని చూశాను. బీన్స్‌కాయలా సన్నగా పొడుగు. చొక్కా మోకాళ్ళ దాకా దిగి ఉండేది, పంట్లాం మోకాళ్ళ దగ్గర మొదలయ్యేది. మొహంలో నవ్వు లేకుండా బేంజో వాయిస్తుంటే హాలంతా విరగబడి నవ్వింది. 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు మునిగిపోవడం కళ్ళారా చూసినవాడు, అందుకని బ్యాంకులో డబ్బు వేసేవాడు కాదని ఊరంతా చెప్పుకునేది. ఆ చెప్పుకోవడమే ప్రాణం తీసింది. నవంబరు 10 శనివారం రాత్రి ఆప్రీలో వాయించి ఇంటికెళ్ళేసరికి దొంగలు కాచుక్కూర్చున్నారు. అతన్నీ భార్యనీ చంపేశారు. వాళ్ళు వెతికిన డబ్బు మాత్రం దొరకలేదు. అది 1996లో బయటపడింది. పొగగొట్టం ఇటుక వెనక దాదాపు 20,000 డాలర్లు, ఎందుకూ పనికిరాకుండా చివికిపోయిన కాగితాలు. పోపుల డబ్బాలో నోట్లు దాచే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా ముసలాయన వీధి తలుపుకి తాళం వేయడం నేను మొదటిసారి చూసింది కూడా ఆ నవంబరులోనే.

1974 మార్చి 16న ఆప్రీ ఊరవతల కొత్త హాలుకి మారిపోయింది. ప్రెసిడెంట్ నిక్సన్ వచ్చి పియానో వాయించాడు. రాయ్ ఏకఫ్ ఆయనకి యోయో తిప్పడం నేర్పబోయాడు. ఆయన పదవికే ఎసరు పెట్టిన వాటర్‌గేట్ గొడవ నడినెత్తి మీద ఉన్న రోజులు, అయినా మనిషి బొమ్మతో ఆడుకున్నాడు. పాత రైమన్ స్టేజీలోంచి ఆరడుగుల గుండ్రటి చెక్క కోసి తెచ్చి కొత్త స్టేజీ మధ్యలో బిగించారు. ఇప్పటికీ పాడేవాళ్ళు దాని మీదే నిలబడతారు. 2010 మే వరదల్లో ఆ స్టేజీ మీద నడుం లోతు నీళ్ళు నిలిస్తే, మిగతా సామాను సంగతి తర్వాత, ముందు ఆ చెక్క ఏమైందని ఊరంతా ఆరా తీసింది. ఆరబెట్టి, బాగుచేసి మళ్ళీ బిగించారు.

రెండో కేసెట్ చార్లీ ప్రైడ్. దీని మీద బొమ్మ ఉంది కాబట్టి నల్లజాతి మనిషని మీకు వెంటనే తెలిసిపోయింది. 1966లో ఆయన మొదటి రికార్డులు ఫోటో లేకుండా వదిలారు. మిసిసిపీ పత్తి చేలల్లో కూలి కుటుంబం. నాన్నగారి ఫిల్కో రేడియోలో శనివారం రాత్రి ఆప్రీ వింటూ పెరిగాడు. తర్వాత బేస్‌బాల్ ఆడాడు, మోంటానాలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేశాడు. డెట్రాయిట్‌లో మొదటి పెద్ద కచేరీకి పేరు పిలవగానే చప్పట్లు మోగి, మనిషి కనపడగానే హాలు నిశ్శబ్దమైపోయిందట. 'ఎండకి పర్మనెంటుగా కమిలిన ఈ రంగుతో ఇక్కడికి రావడం చిత్రంగానే ఉందిలెండి' అన్నట్టు ఒక జోకు వేసి పాటందుకున్నాడు. 1971లో ఆ ఏటి మేటి కళాకారుడి అవార్డు ఆయనదే. నేనొచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో ఏ దుకాణంలోకి వెళ్ళినా ఒక్క క్షణం అలాంటి నిశ్శబ్దమే ఎదురయ్యేది. జోకు వేయడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు.

ఆ కేసెట్లో వెనక 'వీణా కాదు, వయొలినూ కాదు, ఏదో సాగుతోంది' అని బాబ్జీ అన్నాడే, అది పెడల్ స్టీల్ గిటారు. బల్లలా ముందు పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయిస్తారు. హవాయి దీవుల నుంచి వచ్చిన పద్ధతి. తర్వాత దానికి కాళ్ళతో తొక్కే పెడళ్ళు, మోకాళ్ళతో నెట్టే మీటలు పెట్టారు. తీగ మోగుతుండగానే పెడల్ తొక్కితే బిగుసుకుని స్వరం పైకి జారుతుంది. వీణ మీద తీగ లాగి గమకం పలికిస్తారు కదా, ఆ పని ఇక్కడ పాదం చేస్తుంది. అందుకే మన చెవికి అది పరాయిగా అనిపించదు.

2020 నవంబరులో, ఎనభై ఆరేళ్ళ వయసులో, ఆయన అవార్డుల సభలో 'కిస్ ఏన్ ఏంజెల్ గుడ్ మార్నిన్' పాడుతుంటే టీవీలో చూశాను. నెల తిరిగేసరికి కోవిడ్‌తో పోయాడు.

ఇక చిన్నీ అడిగినావిడ. ప్యాట్సీ క్లైన్. వర్జీనియా రాష్ట్రం. 1961 జూన్‌లో కారు ప్రమాదంలో అద్దం పగలగొట్టుకుని బయటపడింది. నుదుటి మీద పెద్ద గాయం. రెండు నెలలకే చంకల్లో కర్రలతో స్టూడియోకి వచ్చింది. పాట 'క్రేజీ', రాసింది అప్పటికింకా ఎవరికీ పెద్దగా తెలియని విల్లీ నెల్సన్. పక్కటెముకల నొప్పికి పై స్వరాలకి ఊపిరి చాలక ఆ రోజు కుదర్లేదు. వాయిద్యాలు మాత్రం రికార్డు చేసుకుని పంపించేశారు. మళ్ళీ వచ్చి పాడింది. అందులో ఆమె గొంతు తాళానికి ఒక వెంట్రుకవాసి వెనకే నడుస్తుంది, తొందరేం లేనట్టు. 1963 మార్చిలో, చనిపోయిన ఒక రేడియో అనౌన్సర్ కుటుంబం కోసం కాన్సస్ సిటీలో ఉచితంగా పాడి వస్తుంటే, నాష్‌విల్ ఇంకా తొంభై మైళ్ళుందనగా చిన్న విమానం కూలిపోయింది. ముప్పై ఏళ్ళు. ఇద్దరు పసిపిల్లలు.

1978 సంక్రాంతికి నేను ఇంటికొచ్చినప్పుడు ఈ మూడు కేసెట్లూ, రేడియో, కేసెట్ ప్లేయర్ కలిసిన ఒక టూ-ఇన్-వన్ తెచ్చాను. మా అమ్మ, అంటే మీ తాతయ్య వాళ్ళమ్మ, వంటింటి గుమ్మంలో కత్తిపీట వేసుకుని చిక్కుడుకాయలు తరుగుతోంది. 'క్రేజీ' మొదలయ్యాక కాసేపటికి కత్తిపీట చప్పుడు ఆగింది. "ఈ పిల్లకి ఏం కష్టమొచ్చిందిరా?" అంది. అమ్మకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. ప్రేమించినవాడు వదిలేసి వెళ్ళాడటమ్మా అని చెప్పాను. "ఆ గొంతు విని కూడానా?" అంది. పాట సంగతి వదిలేసి మనిషి సంగతి చెప్పాను, విమానం, ఇద్దరు పిల్లలు. అమ్మ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్ళీ పెట్టమంది.

తిరిగి వచ్చేటప్పుడు నా పెట్టెలో కేసెట్లు కనపడలేదు. అడిగితే, నువ్వక్కడ ఇంకోటి కొనుక్కో అంది.

బాబ్జీ, కేసెట్ పెట్టేముందు పెన్సిల్ దూర్చి టేపు బిగించు. ప్లేయర్ హెడ్‌ని స్పిరిట్‌తో తుడువు. ప్యాట్సీ క్లైన్ దాంట్లో 'క్రేజీ' దగ్గర టేపు బాగా నలిగి ఉంటుంది. అక్కడ ఫాస్ట్ ఫార్వర్డ్, రివైండ్ నొక్కకండి, తెగిపోతుంది. ఊరికే వదిలేయండి, దాని మానాన అది పాడుతుంది.

మీ
చిన్న తాతయ్య