సైన్‌ఫెల్డ్ డబ్బా వెనక కథ

కర్నూల్లో ఇంగ్లీష్ సిట్‌కామ్‌లు, అంటే టీవీ కామెడీ సీరియళ్లు, చూసే మా బ్యాచ్‌లో ఎప్పుడూ తెగని వాదన ఒకటుంది. అమెరికన్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ తన పేరుతోనే చేసిన సిట్‌కామ్ సైన్‌ఫెల్డ్ మొత్తం నెట్‌ఫ్లిక్స్‌లో పడి ఉండగా ఆ డీవీడీల డబ్బా, ఆ పుస్తకాలు, ఆ సీడీ ఎందుకు వెతుక్కోవాలి, డబ్బులు ఎక్కువయ్యాయా అని ఒకడంటాడు. ఉన్నది నీ చేతిలో కాదురా, నెట్‌ఫ్లిక్స్ వాడి చేతిలో అని ఇంకొకడు. ఈ గొడవకు వెనక చాలా కథ ఉంది, అది తెలియకుండా అరుచుకుంటే లాభం లేదు.

బాబ్ న్యూహార్ట్ అనే అమెరికన్ కమెడియన్‌కు మొదట డిస్క్ వచ్చింది, సిట్‌కామ్ తర్వాత. 1960లో ఆయన హ్యూస్టన్‌లోని ఒక క్లబ్బులో చేసిన షోని రికార్డు చేసి ఎల్పీ రికార్డుగా వదిలితే అది అమెరికాలో అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కి, పాటల రికార్డులన్నింటినీ పక్కకు నెట్టి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ కూడా కొట్టింది. ఆయన పేరుతో పెద్ద సిట్‌కామ్ నడిచింది 1972 నుంచి. అంటే గొంతు ముందు ఇంటింటికీ వెళ్లింది, ముఖం తర్వాత. మన దగ్గర ఆ పని చేసింది క్యాసెట్. జాతరల్లో, పెళ్లిళ్లలో మైకు సెట్టు పెట్టి సినిమా డైలాగుల క్యాసెట్ మొత్తం వినిపించిన రోజులు సీమలో పెద్దవాళ్లందరికీ తెలుసు, బొమ్మ చూడకుండానే సినిమా కంఠతా వచ్చేసేది.

జెర్రీ సైన్‌ఫెల్డ్ విషయంలో ఇది తిరగబడింది. 1989 జులైలో ఎన్‌బీసీ ఛానల్లో పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, వచ్చింది, ల్యారీ డేవిడ్‌తో కలిసి చేసిన షో, మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది జనంలోకి వెళ్లాకే 1993లో ‘సైన్‌లాంగ్వేజ్’ అనే పుస్తకం వచ్చి బెస్ట్ సెల్లర్ అయింది. నిజం చెప్పాలంటే నాకది అంతగా ఎక్కలేదు. స్టేజీ మీద చెప్పిన ముక్కల్ని అచ్చులో పెట్టారు, అంతే. ఆయన జోకులో సగం బలం ఆగే చోట ఉంటుంది, గొంతు ఒక్కసారిగా పైకి లేచే చోట ఉంటుంది, కాగితం మీద ఆ రెండూ ఉండవు. షో చూసినవాళ్లకు ఆ గొంతు చెవిలో మోగుతుంది కాబట్టి నవ్వొస్తుంది, చూడనివాళ్లకు ఇదేంటి అనిపిస్తుంది.

1998 మేలో షో ఆగింది. చివరి ఎపిసోడ్‌ని అమెరికాలో దాదాపు 7 కోట్ల 60 లక్షల మంది చూశారు. ఆ ఆగస్టులోనే న్యూయార్క్‌లో బ్రాడ్‌హర్స్ట్ థియేటర్ నుంచి జెర్రీ హెచ్‌బీవో ఛానల్లో లైవ్ ఇచ్చి, అదే సీడీగా వదిలాడు, ‘ఐ యామ్ టెల్లింగ్ యూ ఫర్ ద లాస్ట్ టైమ్’ అని. కార్యక్రమం మొదట్లో తన పాత జోకులకు అంత్యక్రియలు చేసినట్టు ఒక స్కిట్ పెట్టి, మిగతా కమెడియన్లను కూర్చోబెట్టి, ఇకమీదట ఈ మెటీరియల్ ముట్టను అన్నాడు. పాతవి మూలన పెట్టి మళ్లీ చిన్న క్లబ్బుల్లో సున్నా నుంచి కొత్తవి కట్టుకున్న తీరు 2002లో ‘కమెడియన్’ అనే డాక్యుమెంటరీలో ఉంది. పుస్తకం, సీడీ, షో మూడింట్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను సీడీనే ఉంచుకుంటా.

మరి డబ్బా? షో ఆగింది 1998లో, డీవీడీ వచ్చింది 2004 నవంబర్‌లో. ఈ ఆరేళ్ల ఆలస్యం వెనకే అసలు సంగతి ఉంది. వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ల కాలంలో ఒక సిట్‌కామ్ మొత్తాన్ని టేపుల్లో పెట్టాలంటే అల్మారా నిండిపోతుంది. 180 ఎపిసోడ్లు ఎక్కడ పెడతారు? డీవీడీ వచ్చాక సీజన్ మొత్తం ఒక పెట్టెలో ఇరికించొచ్చని తేలింది, 2000లో ‘ఎక్స్ ఫైల్స్’ అనే సీరియల్ మొదటి సీజన్ అలా వచ్చింది. ఆ తర్వాత అందరూ ఆ దారే. సైన్‌ఫెల్డ్ దగ్గర మాత్రం లెక్క తేలలేదు. లాభాల్లో వాటా ఉన్నది జెర్రీకి, ల్యారీ డేవిడ్‌కు. జార్జ్, ఎలెయిన్, క్రేమర్ పాత్రలు వేసిన ముగ్గురికీ చివరి సీజన్‌లో ఎపిసోడ్‌కు 6 లక్షల డాలర్లు ముట్టినా, షోలో వాటా మాత్రం లేదు. డీవీడీలో వేసే ఇంటర్వ్యూలకు మేం ఎందుకు కూర్చోవాలి అని వాళ్లు మొరాయించారు, తర్వాత ఒప్పందం కుదిరాక కూర్చున్నారు. ఆరు లక్షలు తీసుకున్నోళ్లకు ఏం బాధ అనుకోవచ్చు గానీ, ఇరవై ఏళ్లు అమ్ముడుపోయే సరుకులో వాటా లేకపోవడం చిన్న విషయం కాదు. మన కడప జిల్లా సింహాద్రిపురం నుంచి వెళ్లిన పద్మనాభం గారు కమెడియన్‌గా వెలుగుతుండగానే సొంత కంపెనీ పెట్టి సినిమాలు తీశారు, ఎస్పీ బాలు గొంతును సినిమాకు పరిచయం చేసింది ఆయనే. నవ్వించేవాడు తన సరుకుకు తానే ఓనర్ కావాలనుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

2007 నవంబర్‌లో తొమ్మిదో సీజన్‌తో పాటు అన్నీ కలిపిన పెద్ద డబ్బా కూడా వచ్చింది, బొమ్మల పుస్తకం సహా.

అది కర్నూలు చేరితే ఏమైందో వినండి. మా బావ డల్లాస్ నుంచి ఒకటి తెచ్చాడు. ప్లేయర్‌లో వేస్తే తెర మీద తప్పు రీజియన్ అని ఒక్క లైను, అంతే. డీవీడీలకు ప్రపంచాన్ని ముక్కలు చేశారు, అమెరికా ఒకటో రీజియన్, మనం ఐదు. పైగా టీవీ బొమ్మ పద్ధతి కూడా వేరు, అక్కడ ఎన్‌టీఎస్‌సీ, ఇక్కడ పాల్. డబ్బు పెట్టి కొన్నదే, అయినా ఆడదు. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే, తర్వాత తాళం పడిపోతుంది. కొండారెడ్డి బురుజు దగ్గర రిపేరు షాపతను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మన మిషన్‌లో ఆడదు సామీ, కోడు మార్చాల” అని రిమోట్ మీద ఏవో నాలుగు బటన్లు వరసగా నొక్కాడు, లోపల దాగున్న మెనూ బయటపడింది, ఐదు తీసి సున్నా పెట్టాడు, అంటే ఏ రీజియనైనా సరే అని. ఆడింది. కంపెనీలు ఇంత కష్టపడి కట్టిన గోడ, అతనికి టీ చల్లారేలోపు పని.

స్ట్రీమింగ్ వచ్చాక ఈ తలనొప్పి పోయింది, ఇంకోటి వచ్చింది. 2015లో హులూ అనే అమెరికన్ స్ట్రీమింగ్ కంపెనీ తీసుకుంది, 2021 అక్టోబర్ నుంచి నెట్‌ఫ్లిక్స్. ఐదేళ్ల ఒప్పందం అని అప్పుడే వార్తలొచ్చాయి. అంటే అద్దెకు ఉన్న షో అది, గడువు అయ్యాక ఎవరు ఎక్కువిస్తే అక్కడికి పోతుంది. దీనికి తోడు పాత టీవీకి తీసిన బొమ్మను వెడల్పు తెరకు సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు. ‘ద పాట్‌హోల్’ అనే ఎపిసోడ్‌లో జార్జ్ తాళాలు రోడ్డు గుంతలో పడతాయి, జార్జ్ కథంతా ఆ గుంత మీదే. వాళ్లు నిలబడి కిందికి చూసే షాట్‌లో ఆ గుంతే కోతలో పోయింది! మన దగ్గర గుంత లేని రోడ్డు చూపించమంటే కష్టం, అక్కడ గుంత చూపించలేకపోయారు. పాత డీవీడీలో అది చక్కగా కనిపిస్తుంది. నా ఓటు డబ్బాకే అని చెప్పడానికి నాకు ఈ ఒక్కటి చాలు.

జెర్రీ మాత్రం తన కాగితాలను ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు. కుర్రాడిగా క్లబ్బుల్లో తిరిగినప్పటి నుంచి రాసుకున్న పసుపు ప్యాడ్ కాగితాలన్నీ దాచుకున్నాడు, 2017లో నెట్‌ఫ్లిక్స్ స్పెషల్‌లో వాటిని రోడ్డు నిండా పరిచి మధ్యలో కూర్చుని చూపించాడు. 2020లో ‘ఈజ్ దిస్ ఎనీథింగ్?’ అనే పుస్తకం వాటిలోంచి వచ్చిందే, దశాబ్దాల వారీగా. మొదటి పుస్తకం కంటే ఇది నయం, ఒకే మనిషి పాతికేళ్లప్పుడూ అరవై దాటాకా దేని గురించి విసుక్కున్నాడో పక్కపక్కన కనిపిస్తుంది.

2024 డిసెంబర్‌లో మొత్తం షో 4కే డిస్కుల డబ్బాగా కూడా వచ్చింది, అంటే డీవీడీ కంటే చాలా స్పష్టంగా బొమ్మ కనిపించే డిస్కులు. 4కే డిస్కులకు రీజియన్ తాళం ఉండదు, అమెరికాలో కొన్నది ఆదోనిలో అయినా ఆడుతుంది. దాన్ని ఆడించే ప్లేయర్ కావాలని షాపులో అడిగితే మాత్రం, ఎక్కడికి పోయినా స్మార్ట్ టీవీ చూపించి, “ఇందులో నెట్‌ఫ్లిక్స్ వస్తాదన్నా” అంటున్నారు.