"ఈ ఐడియా ఎవరో రాసేశారు మేడం": సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలో అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మళ్ళీ అలాంటి ఫోనే వచ్చింది. ఒక కుర్రాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. రెండేళ్ళుగా ఒక నవల రాసుకుంటున్నాడు. అందులో మనుషులు డబ్బు కోసం తమ జ్ఞాపకాలను ఇచ్చేస్తుంటారు. మొన్న చూసిన ఒక వెబ్ సిరీస్‌లోనూ అదే ఉందట. "ఇక నాది ఎవరు చదువుతారు మేడం, కాపీ అంటారు" అన్నాడు. ఫైలు డిలీట్ చేద్దామని కూర్చుని, ఎందుకో ఆగి నాకు ఫోన్ చేశాడు.

పదిహేనేళ్ళుగా ఈ కథలు రాస్తున్నాను, కొత్తవాళ్ళ రాతప్రతులు చదివి దిద్దుతున్నాను. భాష చాలక ఆగిపోయిన కథల్నీ, తీరిక లేక ఆగిపోయిన కథల్నీ చూశాను. ఆ రెండూ కలిపినా, ఈ ఒక్క భయంతో ఆగినవాటికి సాటి రావు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఐడియా ముందే వచ్చేస్తే మన కథ చచ్చినట్టే

టైమ్ మెషీన్ అనగానే అందరూ హెచ్.జి. వెల్స్ పేరే చెబుతారు. ఆ నవల వచ్చింది 1895లో. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1887లో, ఎన్రిక్ గాస్పర్ అనే స్పెయిన్ రచయిత కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రంతో నవల వేశాడు. 1881లో ఎడ్వర్డ్ పేజ్ మిచెల్ అనే అమెరికన్, వెనక్కి తిరిగే గడియారం మనుషుల్ని గతంలోకి తీసుకుపోయినట్టు కథ రాశాడు. మరి వెల్స్ పేరే ఎందుకు నిలిచింది? ఆయన కాలపు ఇంగ్లండులో పైన సుఖంగా కూర్చున్నవాళ్ళున్నారు, కింద చాకిరీ చేసేవాళ్ళున్నారు. ఎనిమిది లక్షల ఏళ్ళకు ఆ రెండు వర్గాలూ రెండు వేరు జాతులైపోతే ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. యంత్రం ఆ ప్రశ్న దాకా వెళ్ళడానికి బండి మాత్రమే. ఆ ప్రశ్నే ఆయన సొంతం.

మన దగ్గర విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహాహూహూ' చూడండి. హూహూ ఎవరో భాగవతం చదివినవాళ్ళకు తెలుసు. గజేంద్రుడి కాలు పట్టుకున్న మొసలి, శాపం పడిన ఆ గంధర్వుడే. అలాంటి పాత పేర్లు తీసుకుని, గుర్రం తల ఉన్న గంధర్వుణ్ణి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడేశారాయన. గంధర్వుడు కొత్త కాదు, లండనూ కొత్త కాదు. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడించడం కొత్త.

నాకు బాగా గుర్తుండిపోయిన అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక వర్క్‌షాప్‌కి డిగ్రీ చదువుతున్న అమ్మాయి వచ్చింది. వేరే నక్షత్రానికి బయలుదేరిన ఓడ, అందులోనే పుట్టి అందులోనే పోయే తరాలు, అదీ ఆమె కథ. అలాంటి ఓడల మీద 1940ల నుంచే కథలున్నాయని ఎవరో చెప్పారట, సగం రాసింది చించేసింది. నిజానికి ఆ ఓడ ఎవరి సొత్తూ కాదు, దూరం లెక్కే దాన్ని పుట్టిస్తుంది. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 వ్యోమనౌక లాంటి వేగంతో వెళితే సుమారు 75 వేల ఏళ్ళు పడుతుంది. ఈ లెక్క కట్టిన ఎవరికైనా తరాల ఓడ తడుతుంది.

"ఆ ఓడలో నీళ్ళెలా వస్తాయమ్మా?" అని అడిగాను.

"వంతులవారీగా వదులుతారు మేడం. రాత్రి లస్కరు వెళ్ళి షట్టర్ ఎత్తుతాడు" అంది, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

వాళ్ళ నాన్న సాగర్ కుడి కాలువ మీద లస్కరు, అంటే కాలువ షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి. ఊరు ప్రకాశం జిల్లాలో, చివరి ఆయకట్టు. పైవాళ్ళు రాత్రిళ్ళు తూములు ఎత్తేస్తే కింద పొలాలు ఎండిపోవడం, వారాబందీ (వంతులవారీగా నీళ్ళు వదలడం) పెట్టిన రోజుల్లో గట్ల మీద తగువులు, ఇరువైపులా తిట్లు తినే నాన్న... ఇవన్నీ ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నేను చదివిన ఓడ కథల్లో కెప్టెన్లున్నారు, తిరుగుబాటుదారులున్నారు, పిచ్చెక్కిన కంప్యూటర్లున్నాయి. లస్కరు మాత్రం ఎక్కడా లేడు.

ఆ మధ్యాహ్నం అక్కడే కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రం, ఊపిరిలోని తేమ అన్నీ శుద్ధి చేసి 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలుగుతున్నామని నాసా 2023లో ప్రకటించింది. వినడానికి గొప్పగానే ఉంది. కానీ చుట్టుకి రెండు శాతం పోతూ ఉంటే, 35 చుట్లకే సగం నీళ్ళు పోతాయి. అప్పుడు ఎవరి వంతు ముందు కోస్తారు? ఓడలో చివరి ఆయకట్టు ఎవరిది? ఆ అమ్మాయి కళ్ళలో వెలుగు ఇప్పటికీ నాకు గుర్తే. కథ మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

"మీ కథలో కొత్తేముంది" అని ఎవరైనా అడిగితే ఐడియా వైపు చూడకండి. మీకు మాత్రమే దగ్గరగా తెలిసినదాని వైపు చూడండి. మీది మగ్గాల వీధి కావచ్చు, ఎరువుల కొట్టు కావచ్చు, కాల్ సెంటర్ నైట్ షిఫ్ట్ కావచ్చు.

అపోహ: ఐడియా చెబితే కొట్టేస్తారు

సంపాదకులు ఐడియాలు ఏరుకుని వాళ్ళవాళ్ళకు ఇచ్చేస్తారన్న పుకారు వింటే నాకు కోపం వస్తుంది. దానివల్ల కొత్తవాళ్ళు ఎవరికీ చూపించకుండా, ఎవరి సలహా తీసుకోకుండా మిగిలిపోతున్నారు. చట్టం సంగతి చూద్దాం. 'హమ్ హిందుస్తానీ' నాటక రచయిత ఆర్.జి. ఆనంద్, 'న్యూ ఢిల్లీ' సినిమా తన నాటకానికి కాపీ అని కేసు వేశారు. రెండింట్లోనూ ప్రాంతీయ దురభిమానమే ఇతివృత్తం. 1978లో సుప్రీంకోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. ఐడియా మీద, ఇతివృత్తం మీద కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుందని చెప్పింది. అంటే ఎవరో వాడిన ఐడియా మీరు వాడుకున్నా నేరం కాదు, మీ ఐడియా ఇంకొకరు వాడుకున్నా అంతే. మీరు రాసిన కథ మాత్రం రాసిన క్షణం నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకుంటే హక్కు వస్తుందన్నది ఉత్త మాట. తేదీలతో డ్రాఫ్టులు, మెయిళ్ళు జాగ్రత్త చేసుకోండి, చాలు.

అపోహ: ఎవర్నీ చదవకపోతేనే సొంతంగా రాస్తాం

ఇది చెప్పేవాళ్ళే చివరికి "ఇదంతా కల" అని కథ ముగించి, కొత్తగా రాశామనుకుంటారు. చదవండి. మీ ఐడియాతోనే వచ్చిన పుస్తకాన్నయితే ముందు చదవండి. ఆ రచయిత దేన్ని పట్టించుకోలేదో తెలుస్తుంది.

అపోహ: సైన్స్ ఫిక్షన్ పాశ్చాత్యులది, మనం రాస్తే అనుకరణే

జగదీశ్ చంద్ర బోస్ బెంగాలీలో, తలనూనెతో తుఫాను శాంతించిన కథ రాసింది 1896లో. వెల్స్ నవల వచ్చిన మరుసటేడే. దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది, అన్నీ మన పురాణాల్లోనే ఉన్నాయని. రేవతిని వెంటబెట్టుకుని రైవతుడు బ్రహ్మలోకం వెళ్ళి వచ్చేసరికి భూమ్మీద యుగాలు గడిచిపోయిన కథ నాకు ప్రాణం. కానీ అందులో యంత్రం లేదు, ఉందని వాదించడం వల్ల ఆ కథ గొప్పతనం పెరగదు. తెలిసినవాళ్ళెవరూ మిగలని లోకానికి తిరిగొచ్చిన ఆ తండ్రీకూతుళ్ళ గురించి రాయండి. ఎంతైనా చోటుంది.

మరి ఏది కాపీ?

ఒకసారి నేను చదివిన పోటీ కథల్లో ఒకటి అందరికీ నచ్చింది. బహుమతికి ఎంపిక చేసే వేళ ఇంకో న్యాయనిర్ణేత ఇంగ్లిషు మూలం తెచ్చి చూపించారు. సన్నివేశం వెంట సన్నివేశం, చివరి డైలాగు దాకా అదే. ఊరి పేరు, మనుషుల పేర్లు మాత్రం మార్చారు. ఆ రోజు చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఆ తెలుగు ఎంతో బాగుంది. మూల రచయిత అనుమతి తీసుకుని, కింద 'అనుసరణ' అని రాసి ఉంటే మర్యాదగా వేసుకునేవాళ్ళం.

ఫోన్ చేసిన కుర్రాడిది ఇలాంటిదేమో తేల్చుకుందామని వరసగా అడిగాను. వెబ్ సిరీస్‌లో జ్ఞాపకాలు అమ్ముతారట. ఇతని నవలలో తాకట్టు పెడతారు. నెలనెలా వడ్డీ కడుతూ, ఎప్పటికైనా విడిపించుకోవాలని ఆశపడతారు.

"గడువు దాటితే ఆ జ్ఞాపకం ఎవరిదవుతుంది? కొట్టువాడు దాన్ని వేలం వేస్తాడా? పెళ్ళాన్ని మొదటిసారి చూసిన రోజు వేలంలో పోతే, ఆమెను చూసినప్పుడు ఇతనికి ఏమనిపిస్తుంది?" అన్నాను.

కాసేపు అవతలి నుంచి మాట లేదు.

"ఒక్క నిమిషం మేడం, రాసుకుంటాను" అని ఫోన్ పెట్టేశాడు.