సబ్‌టైటిల్స్: మా బరంపురం ఇళ్లలో వినే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో పెళ్లి వీడియోలకు, పెద్దవాళ్ల మాటల రికార్డింగులకు సబ్‌టైటిల్స్ రాసిపెట్టడం నా పని. ఇక్కడి చాలా తెలుగు ఇళ్లలో బామ్మకు తెలుగు చదువు వచ్చు, ఒడియా అక్షరాలు రావు. మనవడు ఒడియా మీడియం. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. కోడలు ఒడియా ఇంటి పిల్లయితే ఆమెకు అర్థం కూడా కావాలి. అందరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని చూడాలనే నా తపన. అందుకే రోజూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: సబ్‌టైటిల్ పెడితే వీడియో క్వాలిటీ పోతుంది.

వీడియోను ముట్టుకోనే అక్కర్లేదు. సబ్‌టైటిల్స్ రాసే ఎస్‌ఆర్‌టీ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు రాత ఫైలు. వరుస సంఖ్య, కింద 00:01:15,200 --> 00:01:18,000 అని సమయం, ఆ కింద మాటలు, తర్వాత ఖాళీ లైను. అంతే. వీడియో పేరే దీనికీ పెట్టి అదే ఫోల్డర్‌లో ఉంచితే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ తానే పట్టుకుంటుంది. పట్టుకోలేదంటే, ఫైలు పేరు చివర ‘టీఎక్స్‌టీ’ దాగి ఉందేమో చూసి తీసేయండి. మాటలను బొమ్మలోనే అచ్చువేస్తే మాత్రం వీడియో ఫైలు మళ్లీ కొత్తగా తయారవుతుంది (ఎన్‌కోడ్ అంటారు), క్వాలిటీ కొంత తగ్గుతుంది, తర్వాత తీయలేం. సబ్‌టైటిల్ ఫైలు చదవని పాత టీవీకైతేనే నేను అలా చేస్తాను.

అపోహ: టైమింగ్ కుదరకపోతే ఆ ఫైలు పనికిరాదు.

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఎంత మంచి ఫైళ్లు పారేస్తున్నారో! ముందు సినిమాలో మొదటి మాట, చివరి మాట రెండూ చూడండి. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే వీఎల్‌సీలో జీ నొక్కితే మాటలు ఇంకా ముందే, హెచ్ నొక్కితే ఇంకా ఆలస్యంగా వస్తాయి, నొక్కుకు 50 మిల్లీసెకన్లు. మొదట్లో సరిపోయి పోనుపోనూ తేడా పెరిగితే అది ఫ్రేముల గొడవ, అంటే వీడియోలో ఒకదాని వెంట ఒకటి నడిచే బొమ్మల లెక్క. సెకనుకు 23.976 ఫ్రేముల కాపీకి రాసిన ఫైలును 25 ఫ్రేములతో వేగంగా నడిచే కాపీకి పెడితే గంటకు దాదాపు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. జీ, హెచ్‌లతో అది తీరదు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చండి, లేదా మొదటి మాటను, చివరి మాటను వాటి చోట్ల కూర్చోబెట్టండి. మధ్యవన్నీ సర్దుకుంటాయి.

అపోహ: మా కంప్యూటర్‌కు తెలుగు రాదు.

తెర మీద ఏం కనిపిస్తోందో చెప్పండి, జబ్బు తెలుస్తుంది. డబ్బాలు కనిపిస్తే ఫాంటు లోపం. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ప్లేయర్ సెట్టింగుల్లో దాన్ని ఎంచుకోండి. వత్తులు విడిపోతే ప్లేయర్ పాతది, వీఎల్‌సీ 3 గానీ ఆ తర్వాతది గానీ వేసుకోండి. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తే, డీటీపీ షాపులో అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైప్ చేయించారేమో అడగండి. దాన్ని అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చాలి.

ప్రశ్నార్థకాలు వస్తేనే నా గుండె గుభేలుమంటుంది. నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తే తెలుగు అక్షరాలు పోయి వాటి చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి, ఇక తిరిగి రావు. ఓ తాతగారి మాటలకు రెండు రాత్రులు కూర్చుని రాసినదంతా నాకు అలాగే పోయింది. అప్పటినుంచి మొదటి లైను రాయకముందే తెలుగును నిలిపే యూటీఎఫ్-8 పద్ధతి ఎంచుకుని సేవ్ చేస్తున్నాను.

అపోహ: ఇప్పుడు యాప్ విని రాసేస్తుంది.

చిత్తుప్రతికి పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ “ఠిక్ అఛి (ఒడియాలో ‘సరే’), రేపొస్తాను” అని ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేసే మన మాట దగ్గర అది తడబడుతుంది. ఇంటిపేర్లూ తప్పు రాస్తుంది. తన పేరు తప్పుగా చూసుకున్న పెద్దాయన మొహం నేను చూశాను. అందుకే ప్రతి పేరూ ఇంటివాళ్లను అడిగే రాస్తాను.

ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో వీడియోతోపాటు రెండు ఫైళ్లు పెడతాను, పేరు చివర ఒకదానికి తెలుగని, ఒకదానికి ఒడియా అని గుర్తుతో. వీఎల్‌సీలో వీ నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది.